సరోజనతో సికింద్రాబాదుకు

మా సరోజన పదో తరగతి పాసైన ఎండాకాలంలో మేమిద్దరం సికింద్రాబాదు వెళ్ళి పది రోజులు ఉండి వచ్చాం. దానిలాంటి పిల్లలున్న తల్లులు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, ఎట్లా పోవాలి, అక్కడ ఏం చేస్తారు అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మాది హసన్‌పర్తి. మా ఆయన మగ్గం నేస్తారు, నేను బాలవాడి టీచర్ని. సరోజన పుట్టినప్పుడే నడుము మీద నిమ్మకాయంత గడ్డ ఉంది. కడుపులో ఉండగా వెన్నెముక పూర్తిగా మూసుకోలేదని వరంగల్ దవాఖానలో చెప్పారు. గడ్డ తీసేశారు గానీ, కాళ్ళలో బలం రాలేదు, పాదాల్లో స్పర్శ లేదు, మూత్రం మీద అదుపు లేదు. ఇనుప పట్టీల బూట్లు వేసుకుని రెండు చంక కర్రలతో నడుస్తుంది. బడి మా ఇంటి వెనుకే కాబట్టి రోజుకు రెండుసార్లు నేనే పోయి గుడ్డలు మార్చి వచ్చేదాన్ని. పదేళ్ళు అట్లాగే గడిచాయి. కాలేజీ మాత్రం హనుమకొండలో ఉంది. అక్కడికి రోజూ ఎవరు పోతారు?

వరంగల్ డాక్టరు ఒక ఉత్తరం రాసిచ్చాడు. "ఇది ఆపరేషన్ కాదమ్మా, నేర్చుకునే పని. సన్నని గొట్టంతో నాలుగు గంటలకోసారి తన మూత్రం తనే తీసుకోవచ్చు. ఇక గుడ్డలు తడవవు. సికింద్రాబాదు దవాఖానలో ఒక సిస్టర్ నేర్పుతుంది" అన్నాడు.

సోమవారం ఉదయం ఐదున్నరకు మొదటి బస్సు. కండక్టరు సరోజనను ఎత్తుకుని ఎక్కించబోయాడు. "వద్దన్నా, కర్రలు వట్టుకో. నేనే ఎక్కుత" అంది. ఆరుంబావుకు కాజీపేటలో ఉన్నాం. స్టేషన్‌లో ఇడ్లీలు తిన్నాం. దారిలోకి జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు ఇంటి నుంచే తెచ్చుకున్నాం. ఏడింటి ప్యాసింజరు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది.

మాకెదురుగా జనగామ పోయే ముసలామె కూర్చుంది. సరోజన కర్రలు చూసి, "పోరికి మాటలొస్తయా బిడ్డా?" అని నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోపే సరోజన అందుకుంది. "వస్తయి పెద్దమ్మా. లెక్కలు గూడ వస్తయి."

ముసలామె పకపకా నవ్వి మూటలోంచి రెండు మామిడిపండ్లు తీసి దాని చేతిలో పెట్టింది. జనగామలో దిగేటప్పుడు కూడా దానికే చెప్పి దిగింది, నాకు చెప్పలేదు.

సికింద్రాబాదు చేరేసరికి పన్నెండు కావచ్చింది. ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. అందుకే కర్రలతో నడిచేవాళ్ళు సామాను తక్కువ తెచ్చుకోవాలి. దవాఖానలో చీటీలు పొద్దున మాత్రమే రాస్తారని తెలిసి వెనుక గల్లీలో ఉన్న సత్రంలో దిగాం. కింది అంతస్తులో గది అడిగి తీసుకోండి. నల్లా ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకానే వస్తుంది.

మర్నాడు సిస్టర్‌ను కలిశాం. సన్నగా, గట్టిగా ఉండే మలయాళీ మనిషి. గొట్టం ఎట్లా కడగాలో, గొట్టం పెట్టే చోటు కనపడేలా అద్దం ఎక్కడ పెట్టుకోవాలో మా ఇద్దరికీ చూపించింది. "ఈరోజు నేను చేస్తాను, నువ్వు చూడు. రేపు నువ్వు చేస్తావు, నేను చూస్తాను. అమ్మ రేపటి నుంచి బయట" అంది.

"పదహారేండ్ల సంది నేనే జేస్తాన సిస్టరమ్మా. నేను లేకుంటె దానికెట్లయితది?" అన్నాను.

"కాలేజీలో మీరు కూడా చేరతారా?" అంది సిస్టర్.

రెండోరోజు వరండా బెంచీ మీద కూర్చున్నాను. లోపల అద్దం కింద పడ్డ చప్పుడైంది. లేచి తలుపు దాకా పోయాను. ఆయా చెయ్యి అడ్డం పెట్టింది. మూడోరోజూ అంతే. ఆ సాయంత్రం ఆరింటికి సత్రం గదిలో సరోజన ట్రంకుపెట్టెకు అద్దం ఆనించుకుని అరగంట తంటాలు పడి గొట్టాన్ని నేలకేసి కొట్టింది.

"నాతోని గాదు. నువ్వే జెయ్యమ్మా. ఇంటికి పోదాం. నాకు సదువొద్దు."

నేను గొట్టం కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని రెండు నిమిషాల్లో పని ముగించాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది. దానికి నా అవసరం ఇంకా ఉంది కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున సిస్టర్ అడిగింది, నిన్న సాయంత్రం ఎవరు చేశారని.

"అదే జేసుకుంది" అన్నాను.

సరోజన తల అడ్డంగా ఊపి, "కాదు సిస్టర్. అమ్మ జేసింది. నేనే జెయ్యమన్న" అంది.

కన్నబిడ్డ ముందు అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. సిస్టర్ మాత్రం కోప్పడలేదు. గోడ గడియారం చూసింది. పదకొండున్నర. "మీరు నాలుగింటి దాకా ఈ కాంపౌండులో ఉండొద్దు. ఊరు చూసి రండి" అంది.

గేటు బయట నిలబడ్డాను. ఎటు పోవాలో తోచలేదు. అది పుట్టిన నాటి నుంచి పిలిస్తే పలకనంత దూరం నేను పోలేదని అప్పుడే గుర్తించాను. ఇంతలో డబుల్ డెక్కర్ బస్సు వచ్చింది. ఎక్కి పైకి వెళ్ళి, ముందు సీట్లో కూర్చున్నాను.

"యాడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఇది యాడిదాక పోతె ఆడిదాక ఇయ్యన్నా."

అఫ్జల్‌గంజ్ టికెట్ ఇచ్చాడు. ట్యాంక్‌బండ్ మీద అంత నీరు, అంత గాలి. పక్కన బురఖాలో ఒక పెద్దామె కూర్చుంది. ఒక్కదాన్నే వచ్చానా అని అడిగితే, బిడ్డ దవాఖానలో ఉందన్నాను.

"మరి నువ్వు బస్సులెందుకున్నవ్?"

"జర బయటికి పొమ్మన్నరు."

"మంచిగ చెప్పిన్రు" అని నవ్వి, "ఫికర్ చెయ్యకు. ఆ కిటికీ తెరువు, హవా వస్తది" అంది.

అఫ్జల్‌గంజ్‌లో చాయ్ తాగి, మూడున్నరకు తిరిగొచ్చాను. మాట తప్పకూడదని నాలుగయ్యేదాకా గేటు బయటే అటూ ఇటూ తిరిగాను.

లోపలికి పోయేసరికి సరోజన వరండా బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటోంది. "పన్నెండింటికొక్కసారి, ఇప్పుడొక్కసారి అయ్యింది" అంది.

"ఎట్ల జేసినవే?"

"మొదాలు ఏడ్సిన. సిస్టర్ ఎదురుంగ కుర్చేసుకొని పేపర్ సదువుకుంది. ఏడ్సుడు అయినంక జేసిన."

మిగిలిన రోజుల్లో చాలా పని జరిగింది. గొట్టాలు తనే ఉడకబెట్టుకుంది. సిటీ బస్సు మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకుంది. దాని మడమ మీద పాత కాలిన మచ్చ చూసి సిస్టర్ ఎప్పటిదని అడిగితే, ఇద్దరికీ తెలియదు. స్పర్శ లేని పాదానికి దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి, రోజూ సాయంత్రం అద్దంలో అరికాళ్ళు చూసుకోవడం దాని పనుల్లో చేరింది. కింది గదిలో క్లాసు, తలుపు పక్కన బల్ల, అడగకుండా బయటికి పోయే అనుమతి కావాలని కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఉత్తరం కూడా తనే రాసుకుంది. అన్నీ దొరికాయి. డిగ్రీ దాకా హాస్టల్లో ఉండే చదివింది. ఇప్పుడు హనుమకొండలోనే ఒక ఆఫీసులో గుమాస్తా.

తిరుగు ప్రయాణం పన్నెండున్నర బండికి. పదింటికి దవాఖానలో ఒకసారి అయింది, మళ్ళీ రెండింటికి కావాలి. అప్పటికి బండి భువనగిరి దగ్గర ఉంటుంది. జనం ఎక్కువైతే ఎట్లా, బండి ఊగితే ఎట్లా, దాని వెంట ఎవరు పోవాలి, పాయిఖానా తలుపు ఎవరు పట్టుకోవాలి అని లెక్కలు వేసుకుంటూ తలుపుకు దగ్గరి సీటు వెతికి కూర్చున్నాను. ఘట్‌కేసర్ దాటిన సంగతి గుర్తుంది. వేడిగాలి కొడుతోంది.

ఎవరో భుజం పట్టి ఊపారు. "అమ్మా, లే. కాజీపేటొస్తాంది."

దిగ్గున లేచి కూర్చున్నాను. "రెండయ్యిందానే?"

"నాలుగు గావస్తాంది. రెండింటికే పొయ్యొచ్చిన."

"మరి తలుపెవరు వట్టుకున్నరు?"

"తలుపుకు గడియుంటది గదనే."

పదహారేళ్ళలో నేను పట్టపగలు అంత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది అదే మొదలు. సికింద్రాబాదులో ఏం చూశావని తర్వాత చాలామంది అడిగారు. నేనేం చెప్పినా, మనసులో మెదిలేది మాత్రం ఆ నిద్రే.

బండి ఇంకా ఆగలేదు. సరోజన సంచి భుజాన వేసుకుని, రెండు కర్రల మీద నిలబడి తలుపు వైపు నడుస్తోంది. నేను సీటు కింద చెప్పులు వెతుక్కుంటున్నాను.

"జల్ది రా అమ్మా, జనం ఎక్కుతరు మల్ల" అంది వెనక్కి చూడకుండానే.