పొలం లేని నీలమ్మ

మొయినాబాద్ దగ్గరి సురంగల్ ఊరి గిద్యోను బీకాం చదివాడు. తోటివాళ్ళంతా మాదాపూర్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్న రోజులవి. ఇంగ్లీషుకు నోరు తిరగక ఇతనికి మాత్రం సర్వే పని దొరికింది. ఆసియాలో అయిదు దేశాల్లో సేద్యం ఎలా మారుతున్నదో కనుక్కునే సర్వే అది. అన్ని దేశాల్లో అవే ప్రశ్నలు, అదే వరుస. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవాలి, విడమరచకూడదు, జవాబు అందించకూడదు. మూడు రోజుల ట్రైనింగులో ఇదే నూరిపోశారు. గిద్యోను దాన్ని బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు.

ఆ ప్రశ్నల్ని తెలుగు చేసిన మహానుభావుడిది కోస్తా. "మీకు పొలం ఎన్ని ఎకరాలు ఉంది?" అని రాశాడు. ఆయన ఊళ్ళో ఏ సాగుభూమైనా పొలమే. మొయినాబాద్ పక్క అలా కాదే! వరి పండితేనే పొలం. టమాటా, పల్లి వేసే ఎర్రనేల చెలక. ఈ ముక్క పెద్ద పెద్ద పండితులకు తెలియకపోతే పోయింది, గిద్యోనుకు తెలియదా?

ఎదురింటి నీలమ్మ తన మూడెకరాల టమాటాలో కలుపు తీస్తుంటే, గట్టు మీదే కూర్చుని అడిగాడు.

"పొలమా? నాకేడున్నది బిడ్డా పొలం!" అని నవ్విందామె.

'చెలక ఉన్నది గద అవ్వా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రూలు రూలే అనుకుని సున్నా వేశాడు.

ఆర్నెల్లకు కబురొచ్చింది. సర్వేలో భూమి ఉన్నట్టు తేలినవాళ్ళకు డ్రిప్పు పైపులిచ్చి, కొద్ది నీళ్ళతో పంట ఎలా వస్తుందో చూస్తారట. అప్పటికి నీలమ్మ బోరు వేలంత ధారకు దిగింది. ఎండాకాలం గట్టెక్కాలంటే ఆ పైపులే దిక్కు. లేదంటే ఫాంహౌసుకని చుట్టూ తిరుగుతున్న సాఫ్ట్‌వేర్ సారుకు చెలక అమ్ముకోవాలి. జాబితాలో ఆమె పేరు లేదు.

గిద్యోను మొదటి బస్సుకే మెహిదీపట్నం పోయి సర్వే ఆఫీసులో పెద్దసారు ముందు నిలబడ్డాడు.

"సార్, ఆమెకు మూడెకరాలున్నది. నేను తప్పు రాసిన. జర దిద్దుండ్రి, మీ కాల్మొక్త."

"ఆమె ఏం చెప్పింది?"

"పొలం లేదన్నది సార్. కని..."

"నువ్వేం రాశావు?"

"సున్న."

"మరి తప్పెక్కడుందయ్యా? నీ కోసం ఒకటి దిద్దితే అయిదు దేశాల్లో ఇక దేన్ని నమ్మాలి? చాలా కరెక్టుగా చేశావు." పైగా భుజం తట్టాడు! ఆ మెప్పుకు గిద్యోనుకు చావాలనిపించింది.

మరో మూడుసార్లు తిరిగాడు. చెప్పులరిగాయి గానీ పేరెక్కలేదు. ఏప్రిల్‌లో బోరు ఎండిపోయింది. మేలో నీలమ్మ చేవెళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి చెలక అమ్మకం కాగితాల మీద వేలిముద్ర వేసి వచ్చింది.

ఆ సాయంత్రం గిద్యోను ఆమె గడప దగ్గర కూలబడి అంతా చెప్పుకున్నాడు. సున్నా తనే వేశానన్నాడు. రూలు, ట్రైనింగు, అయిదు దేశాలు, ఒక్కటీ దాచలేదు. నీలమ్మ చివరిదాకా వింది.

"గంత దూరంల ఉన్నోల్లకు తెల్వదు, సరే. సర్వే జేసెటోనికి చెవులే ఉంటయా బిడ్డా, కండ్లుండయా?" అంది.

గిద్యోను బావురుమన్నాడు. ఆమె ఓదార్చలేదు.