సియాకా వీపు మీది ఈగలు

మూహూన్ నది ఒడ్డున ఈగలు సియాకా మిలోగోను పేరు పెట్టి పిలుస్తాయి. సరే, పేరు పెట్టి కాదులెండి. అతను కనిపిస్తే ఊరుకోవన్నది మాత్రం నిజం.

జబ్బు అంటించి పశువులను చంపే సెట్సీ ఈగలు ఏ రేవులో ఉన్నాయో చూసి పశువైద్య ఆఫీసుకు చెప్పడం అతని పని. ఈగలను రప్పించే నీలిగుడ్డ, నల్లగుడ్డ కలిపి కుట్టిన బోనులు కొమ్మలకు కట్టి, మర్నాడు విప్పి చూస్తాడు. ఈగలు పడిన చోట మేసే మందలకే ఆఫీసు మందు ఇస్తుంది.

ఆ ఏడు ఫులానీ కాపరి యేరో మంద చిక్కి శల్యమైంది. అతని రేవు చుట్టూ ఉన్నది సియాకా వాళ్ల బోబో తెగ దేవర వనం. అక్కడి చెట్లకు గుడ్డపేలిక కట్టకూడదు. బోను లేదు గనుక ఈగ లేదు, ఈగ లేదు గనుక మందు లేదు.

బోబోలకూ ఫులానీలకూ తాతలనాటి పరిహాసపు చుట్టరికం. ఎంతైనా తిట్టుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. ఒకరు అడిగితే మరొకరు కాదనకూడదు.

"ఒరే కల్లుకుండా! మా ఎర్రావు పొద్దున లేవలేదురా. మీ దేవుడు ఈగల్ని మేపుతున్నాడా?" అన్నాడు యేరో. గొంతులో మాత్రం నవ్వు లేదు.

"నీ మొహం చూసి చిక్కిపోయిందిరా, పాలదొంగా! అక్కడ గుడ్డ కడితే మా పెద్దలు నన్ను కడతారు."

"చెట్టుకేగా వద్దన్నారు? నీకు కట్టొద్దన్నారా?"

సియాకా కోడిపుంజుతో వనం పెద్ద దగ్గరికి వెళ్లాడు. "మనిషి చొక్కా తొడుక్కుంటే దేవరకేం నొప్పి?" అన్నాడాయన నవ్వాపుకుంటూ.

ఈ ఈగ మనిషికీ నిద్రజబ్బు అంటిస్తుందని సియాకాకు తెలియకపోలేదు. అయినా నీలిచొక్కా, నల్ల ప్యాంటు తొడుక్కుని వనంలో నీటివైపు వంగి కూర్చున్నాడు. వెనక యేరో వల పట్టుకుని నిలబడ్డాడు.

"పట్టరా తొందరగా! దబ్బనాల్లా దిగుతున్నాయి!"

"కదలకు. ఇది వీపా, సంతమైదానమా? ఇంకా పెద్దది వస్తోంది, ఉండు."

మధ్యాహ్నానికి సీసా నిండా ఈగలు, వీపు నిండా దద్దుర్లు. సీసా చూశాక ఆఫీసువాళ్లు వచ్చి మందకు సూదులు వేసి, ఈగల మందు పూశారు. కొన్నాళ్లకు ఎర్రావు తన కాళ్ల మీద తాను మేతకు వెళ్లింది.

సంతరోజున యేరో భార్య సొరకాయ బుర్రనిండా పెరుగు తెచ్చి అందరి ముందూ సియాకాకు ఇచ్చింది. "మా మంద కోసం వీపు అప్పగించావన్నా!"

"ఎవరు, నేనా? ఫులానీవాడి ఆవుల కోసమా? ఆ రోజంతా ఇంట్లో పడుకున్నానమ్మా. ఈ దద్దుర్లంటావా, మా ఆవిడ కొట్టింది."