రెండు వాటాల మధ్య నీలం తీగ

మొన్న ఆదివారం మా మరిది కూతురు తన ఫోనును నా ఫోను పక్కన పెట్టి, "పెద్దమ్మా, ఒప్పుకుంటావా అని అడుగుతాది, ఒప్పుకో" అంది. స్నేహితులతో డుడుమా జలపాతానికి వెళ్ళి తీసుకున్న ఫోటోలు నాకు పంపుతోందట. మధ్యలో తీగ లేదు, పెట్టె లేదు, గాలిలోంచే వచ్చేస్తాయట. నేను వెంటనే నొక్కలేదు. "ముందు నా ఫోన్లోంచి నీ ఫోన్లోకి ఏటీ ఎల్లదని సెప్పు" అన్నాను. "నీ ఫోన్ల ఏటున్నాది పెద్దమ్మా, ఎత్తుకుపోడానికి!" అని అది పగలబడి నవ్వింది. వాళ్ళ నాన్న కూడా ఒకప్పుడు అచ్చం ఇలాగే, ఇదే ఇంట్లో, తల వెనక్కి వాల్చి నవ్వాడు. పిల్లకి ఆ సంగతి తెలియదు. తెలియజెప్పాలనే ఉద్దేశం నాకు ఇన్నాళ్ళూ కలగలేదు గాని, ఆ నవ్వు విన్నాక కలిగింది.

కొరాపుట్‌లో మాది ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు. ముందు వాటా మరిదిది, వెనక వాటా మాది. పెద్ద కొడుక్కి వెనక వాటా ఎందుకు వచ్చిందన్నది వేరే కథ, అదీ నేను మరిచిపోలేదు. మా ఆయన మునిసిపాలిటీలో నీళ్ళ సెక్షన్. నేను రాయగడ పిల్లని. నాన్న పట్టుబట్టి పలక మీద దిద్దించిన తెలుగు తప్ప పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్నది చెప్పుకోదగ్గదేమీ లేదు. కొరాపుట్ వచ్చాక ఆ తెలుగే నాకు పనికొచ్చింది. ఇక్కడి మనవాళ్ళంతా ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుకుంటారు. తెలుగు అక్షరం వాళ్ళకి జిలేబీ చుట్టతో సమానం. మా ఆయన తెలుగు చదువు కూడా విజయనగరం బస్సు బోర్డు దగ్గర ఆగిపోతుంది. కాని పెళ్ళి కార్డు మాత్రం తెలుగులో ఉండి తీరాలి, ఎందుకంటే వియ్యంకులూ చుట్టాలూ అందరూ ఘాటు దిగువన సాలూరులోనో, పార్వతీపురంలోనో ఉంటారు. మూతపడిన ఒక శిక్షణ సంస్థ నుంచి పాత కంప్యూటరు కొనుక్కుని, తెలుగు టైపు నేర్చుకుని, నేను ఆ కార్డులు కంపోజ్ చేసేదాన్ని. నేను తీసిచ్చిన కాగితం పట్టుకెళితే ప్రెస్‌లో అచ్చు వేసేవారు. ఊరు మొత్తం మీద ఆ పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వానాకాలం నాలుగు నెలలూ చెమ్మ పట్టకుండా ఆ కంప్యూటరుకు నా పాత శాలువా కప్పేదాన్ని. నాకు కప్పుకోవడానికి ఇంకో శాలువా లేని రోజులవి.

మరిది సునాబెడలో ఏదో కోర్సు చేసి వచ్చాడు. వస్తూ వస్తూ తనకొక కంప్యూటరు, ఒక చుట్ట నీలం తీగ, చివర బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు, వాటిని నొక్కే పటకారు తెచ్చాడు. "వదినా, నీదీ నాదీ కలిపేత్తాను సూడు. మద్దెల పెట్టె గిట్టె ఏటీ అక్కర్నేదు" అన్నాడు. తీగ తోలు వలిస్తే లోపల ఎనిమిది సన్నని తీగలున్నాయి. ఒక చివర నారింజ ఉన్నచోట రెండో చివర ఆకుపచ్చ రావాలట, అలా అడ్డంగా మారిస్తేనే ఒకటి చెప్పింది రెండోది వింటుందట. నేను దీపం వత్తులు చేసినంత శ్రద్ధగా ఆ తీగలు వరసగా పట్టుకుంటే అతను క్లిప్పు నొక్కాడు. కిటికీ పైన వెంటిలేటరులోంచి తీగ ఇటు వచ్చింది. తర్వాత రెండిటికీ అంకెలు పెట్టాడు. తనది ఒకటి, నాది రెండు. "మరి నాది ముందు కొన్నది కదా?" అన్నాను. "అంకెల్లో ఏటుంది వదినా" అన్నాడు. ఏమీ లేనప్పుడు నాకు ఒకటి ఇవ్వవచ్చు కదా. ఇవ్వలేదు.

నా పని దాచుకున్న డ్రైవు మొత్తం పంచుకోమని పెట్టింది కూడా అతనే. "ఒక్కో ఫోల్డరూ ఎవుడు పెడతాడు, మొత్తం పెట్టీ" అన్నాడు. పెట్టగానే తెర మీద ఆ డ్రైవు బొమ్మ కింద ఒక అరచెయ్యి వచ్చింది. పళ్ళెం పట్టినట్టు ఉందని నేను మురిసిపోయాను. కొన్నాళ్ళు బాగానే ఉంది, ఆ మాట చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. అతని పాటలు నేను ఇటు వినేదాన్ని, నా ప్రింటరు మీద అతను అటునుంచి కాగితాలు తీసేవాడు. తోడికోడలు తెర మీద "టీ అయిందా" అని టైపు చేస్తే నేను గోడవతలికి గ్లాసు పంపేదాన్ని. ఆ గ్లాసుల్లో రెండు ఇప్పటికీ వాళ్ళ వాటాలోనే ఉన్నాయి.

ఆ మాఘంలో మా ఇంటికే ఒక పెళ్ళి కార్డు వచ్చింది. చుట్టూ మామిడాకుల అంచు. ఆ అంచు నేను మౌసు పట్టుకుని వారం రోజులు ఒక్కో ఆకూ గీసుకున్నది. కుడివైపు కింది మూల ఒక ఆకు చెయ్యి జారి తలకిందులుగా పడింది, సరిచెయ్యబుద్ధి కాక వదిలేశాను. ఆ కార్డు మీద కూడా ఆ ఆకు తలకిందులుగానే ఉంది. నేను మాత్రం దాన్ని ఎవరికీ చేసివ్వలేదు. విచారిస్తే మరిది బస్‌స్టాండు ఎదురుగా షాపు పెట్టాడని, "ఒడియా–తెలుగు పెళ్ళి కార్డులు" అని బోర్డు కట్టాడని తెలిసింది. నా కార్డులన్నీ, నా అక్షరాల సెట్టూ, ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తుందో నేను రాసి పెట్టుకున్న పట్టీ, అన్నీ తీగలోంచి అటు వెళ్ళిపోయాయి.

అడిగాను. ఇంటిల్లిపాదీ ఉండగా, అత్తగారు బియ్యం ఏరుతుండగా అడిగాను. తల వెనక్కి వాల్చి నవ్వాడు. "ఎత్తుకుపోనాననీసి అంతావేటి వదినా? ఎత్తుకుపోతే నీ దగ్గర ఉండకూడదు కదా. ఎల్లి సూసుకో, అన్నీ ఉన్నాయి. ఒక్కటి తగ్గిందేటి?" అన్నాడు. అత్తగారికి ఆ మాట చాలా నచ్చింది. "నిజమేనే, తగ్గనప్పుడు దొంగతనం ఎలగవుద్ది?" అన్నారు. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు. ఆయన ఆ రోజు చేసిన స్నానం నేను ఎరిగినంతలో అన్నిటికంటే పొడవైనది. అవును, ఫైళ్ళు తగ్గలేదు. తగ్గింది నా గుమ్మం ఎక్కే మనుషులు.

అందరూ పోయినా ఒకాయన పోడనుకున్నాను. మా ఆయన సెక్షన్‌లోనే పైపులు చూసే పెద్దాయన, వరసకు మామయ్య. భార్య పోయి, ఒక్కగానొక్క కూతుర్ని తనే జడలు వేసి పెంచాడు. ఆ పిల్ల చిన్నప్పుడే నా కంప్యూటరు ముందు నిలబడి, "అమ్మీ, దీని పెల్లి కార్డు నువ్వే సెయ్యాల. దీన్ని నా సేత్తో దారపోసిన్నాడు నా జన్మ తీరిపోద్ది" అన్నాడు. ఆ పిల్లకి పార్వతీపురం సంబంధం కుదిరింది. నేను కొత్త అంచు కూడా గీసి పెట్టుకున్నాను. ఆయన మరిది షాపుకి వెళ్ళాడు. పైప్ లైన్ దగ్గర ఎదురుపడినప్పుడు అడిగితే మొహమాటపడకుండా చెప్పాడు. "ఆడు షాపు ఎట్టుకున్నాడమ్మీ. నువ్వయితే ఇంట్ల కూకుని సేత్తావు. వియ్యాలోరు ఏ షాపుల సేయించేవని అడిగితే ఏటి సెప్పను?" నేను ఇంటికి వచ్చి ఆ కొత్త అంచు చెరిపేశాను.

మరిది ఒక సంగతి మరిచిపోయాడు. తీగకి అటూ ఇటూ తేడా లేదు. అతను కంపోజింగు ఇంట్లోనే చేసి షాపుకి పట్టుకెళ్ళేవాడు, తన డ్రైవు బొమ్మ కింద కూడా అరచెయ్యి ఉంది. ఒక మధ్యాహ్నం, అన్నాలయ్యాక, నేను రెండో నంబరు కంప్యూటరు ముందు కూర్చుని ఒకటో నంబరులోకి వెళ్ళాను. మామయ్య కూతురి కార్డు అక్కడ సిద్ధంగా ఉంది. మరిదికి తెలుగు చదవడం రాదు. నా పాత కార్డు ఒకటి తీసుకుని, పేర్లు మాత్రం నా పట్టీ పక్కన పెట్టుకుని గుండ్రం చూసి గుండ్రం, కొమ్ము చూసి కొమ్ము పెట్టాడు. పేర్లలో ఒక్క తప్పు లేదు, అది ఒప్పుకుంటాను. కాని అతను తీసుకున్నది తండ్రి లేని పిల్ల కార్డు. తండ్రి పేరుకి ముందున్న "కీ.శే." అలాగే ఉంచేశాడు. అది "శ్రీ" లాంటి మర్యాద ఏదో అనుకున్నాడు కాబోలు. మామయ్య పేరు దాని పక్కన చక్కగా, లావు అక్షరాల్లో ఉంది. బతికున్న మనిషి కూతురి పెళ్ళి కార్డు మీద చచ్చిపోయి ఉన్నాడు.

నేను ఎంతసేపు చూశానో చెప్పలేను. ఒక్క మీట నొక్కి చెరిపెయ్యవచ్చు. గోడ తట్టి చెప్పవచ్చు. అచ్చుకి ఇంకా మూడు రోజులుంది. ఫైలు మూసేసి లేచి గిన్నెలు తోముకున్నాను. ఆ మూడు రోజుల్లో మరిది నా ఎదురుగా ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు, మామయ్య ఒకసారి వచ్చి పెరట్లో కుళాయి వాషరు కూడా మార్చి వెళ్ళాడు. "ఏటమ్మీ, కోపమేటి ఇంకా?" అన్నాడు. "కోపమేటుంది మామయ్యా" అన్నాను.

కార్డులు అచ్చయ్యాయి. మామయ్యకి చదవడం రాదు, కూతురిది ఒడియా చదువు, ఊళ్ళో కార్డు అందుకున్నవాళ్ళెవరికీ ఏమీ తెలియలేదు. తెలిసింది ఘాటు దిగువన. వారం తిరక్కుండా సాలూరు బస్సులోంచి ఆయన అక్క గుండెలు బాదుకుంటూ దిగింది. మేమంతా పరుగెత్తి వెళ్ళేసరికి ముసలావిడ వీధిలో కూలబడి, "నాను సచ్చిపోనాననుకున్నార్రా? నా తమ్ముడు పోతే కబురెట్టరేటి? కార్డు సూసి తెలుసుకోవాలేటి నాను?" అని ఏడుస్తోంది. మామయ్య సున్నం చేతులతో లోపల్నించి వచ్చి, "ఎవుడు పోయేడే అక్కా?" అని అడిగాడు. ఆవిడ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం ఆయన మిగిలిన కార్డుల కట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మరిది షాపు మూసేసి సునాబెడ వెళ్ళిపోయాడట. "ఏది అమ్మీ ఆ మాట? ఏలెట్టి సూపించు. నానే కొట్టేత్తాను" అన్నాడు. నేను ఒక్కో కార్డు మీద వేలు పెట్టాను, ఆయన బాల్‌పెన్‌తో ఒక్కో కార్డు మీదా తన చావు కొట్టేసుకున్నాడు. పెన్ను గట్టిగా నొక్కేవాడు, కొన్నిచోట్ల కార్డు చిరిగింది. సగం అయ్యాక తలెత్తకుండానే అన్నాడు, "నీకు ముందు సూపించుంటే నువ్వు సెప్పీసుందువు." నేను, "అవును మామయ్యా, సూపించుంటే సెప్పేదాన్ని" అన్నాను. ఆ మాట అనడం నాకు ఎంత బాగుందో ఆ మామిడాకుల అంచు గీసిన వారమంతా కూడా అంత బాగా అనిపించలేదు.

పెళ్ళి ఆగలేదు. కాని పెళ్ళికొడుకు తల్లి పట్టు వదల్లేదు. అచ్చులో పోయిన మనిషి చేత్తో పిల్లని పుచ్చుకోము, అశుభం అంది. భార్య లేకపోయినా తండ్రి ధారపొయ్యవచ్చు, అచ్చుతప్పుకి దోషం లేదు అని పురోహితుడు చెప్పినా వినలేదు. చివరికి మామయ్య తమ్ముడూ ఆయన భార్యా పీటల మీద కూర్చుని ఆ పిల్ల చెయ్యి ధారపోశారు. మామయ్య పందిరి చివర, వంటల వైపు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. మంత్రాలు చదువుతున్నప్పుడు చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటికేసే చూస్తున్నాడు. ఎవరో మజ్జిగ గ్లాసు ఇవ్వబోతే చెయ్యి తియ్యలేదు. పిల్ల పీటల మీంచి మూడుసార్లు వెనక్కి తిరిగింది. నేను ఆయనకి నాలుగు కుర్చీల అవతల కూర్చున్నాను, లేచి వెళ్ళలేదు.

మరిది తిరిగొచ్చి తెలుగు బోర్డు దించేసి జిరాక్స్ పెట్టుకున్నాడు. నా గుమ్మం మళ్ళీ నిండింది. తీగ మధ్యలో కత్తిరించేశాను. మరిది ఎందుకని అడగలేదు. తను చేసిన తప్పుకి మామయ్య కాళ్ళు పట్టుకున్నాడు గాని, నా ఫైళ్ళ సంగతి మాత్రం ఈ రోజుకీ ఎత్తలేదు, నేనూ వదల్లేదు. మామయ్య రిటైరయ్యి పార్వతీపురంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. వచ్చిన ప్రతిసారీ నా గుమ్మంలో నిలబడి, ఆ రోజు దగ్గరుండి వేలు పెట్టి చూపించింది నువ్వొక్కదానివేనమ్మీ అంటాడు. నేను టీ ఇస్తాను. ఈ ఏడాది చెబుదామనుకుంటాను, ఆయన తాగి వెళ్ళిపోతాడు. ఆయన ఒక్కో ఏడూ ముసలివాడవుతున్నాడు. నా వైపునుంచి చూస్తే ఆ మూడు రోజులు ఇంకా పూర్తి కాలేదు.