ఎండాల్సిన మడి

మార్చి పదిహేను, ఆదివారం, కడప. మధ్యాహ్నం భోజనాలకు మా ఇంట్లో ఉన్నవాళ్ళం: నేను, నా భార్య, మా చెల్లెలు, ఆమె భర్త, వాళ్ళమ్మాయి. జీవితమంతా డైరీ రాసినవాణ్ణి కనుక ఏ సంగతైనా ఇలా తేదీతో, వచ్చినవాళ్ళ లెక్కతో మొదలుపెట్టడం నాకు అలవాటు. చదివే మీరూ నా ఈడువారే కాబట్టి ఓర్చుకుంటారని నమ్మకం.

మేనకోడలు పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన, అదే పోస్ట్‌డాక్ ముగించుకొని వచ్చి కర్నూలులో ఒక కళాశాలలో చేరి ఇంకా ఏడాది తిరగలేదు. సంగటి ముద్ద విరుస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"మామా, పోస్ట్‌డాక్ అయినాక సొంత కాళ్ళ మీద నిలబడాలంటే ముందు ఏం చేయాల?"

నేను నోరు తెరిచేలోపే వాళ్ళ నాన్న అందుకున్నాడు. "ఎవురినమ్మా అడుగుతాండావు? మీ మామకు తెల్సింది పైరును ఎండబెట్టేదొకటే. పాపం, అదీ సరిగ్గా ఎండకపాయె!"

అందరం నవ్వాం. నా భార్య మాత్రం నవ్వకుండా లేచి, ఎవరూ అడగని చారు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

మా కాలంలో పోస్ట్‌డాక్ అంటే ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు. డాక్టరునని చెబితే జ్వరానికి మందు అడిగేవారు. ఇంగ్లండులో ఒక మంచి ప్రయోగశాలలో ఆ పని ముగించుకొని, మన నేలకు పనికొచ్చేదేదైనా మన నేల మీదే చేయాలన్న పట్టుదలతో నేను కడపలో ఒక కళాశాలకు వచ్చాను. ఇచ్చినది మూడేళ్ళ తాత్కాలిక వేతనం. ఆఖరి ఏడాది ఒక కమిటీ వచ్చి పని చూసి మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయమవుతుంది, సొంత ప్రయోగశాల వస్తుంది, విద్యార్థులు వస్తారు. లేదంటే వయసు మీరిన మనిషిగా మళ్ళీ దరఖాస్తులు రాసుకోవాలి. ఆ వయసులో ఒక్కసారి వరుస తప్పితే మళ్ళీ అందుకోవడం ఎంత కష్టమో నాకప్పుడే తెలుసు.

కళాశాల వెనక చేనులో వేరుశనగ వేశాను. సగం మడికి నీళ్ళు పెట్టడం, పూత దశ నుంచి మిగతా సగానికి పూర్తిగా ఆపేయడం, ఆ ఎండలో ఏ రకం తట్టుకుంటుందో, ఏది చస్తుందో చూడడం, ఇంతే ప్రయోగం. రెండు వేసవులు గడిచి మూడోది నడుస్తోంది. ఎండే సగంలో ఆకులు మధ్యాహ్నానికి చేతులు జోడించినట్టు ముడుచుకునేవి. వాటిని చూసి నాకు కలిగిన సంతోషం ఎవరికైనా చెబితే కసాయివాడనుకునేవారు.

మా ప్రిన్సిపాలుగారు అలాగే అనుకున్నారేమో. ఆయన రసాయనశాస్త్రం మనిషి, బద్వేలు వైపు రైతు కుటుంబం. చిన్నప్పుడు ఏటా తండ్రి చేను ఎండిపోవడం కళ్ళారా చూసినవారు. సాయంత్రం నడకకు వచ్చి గట్టు మీద నిలబడేవారు. "ఏమప్పా, నీళ్ళు పెట్టక సంపుతాండావే, పాపం గదా?" అనేవారు. నేను మొదటినుంచి విడమరిచి చెప్పేవాణ్ణి, ఆయన తలూపేవారు, మర్నాడు మళ్ళీ అదే మాట అనేవారు.

కమిటీ రేపొస్తుందనగా, వాళ్ళు కర్నూలులో రైలు దిగుతారని, పిలుచుకొచ్చే మర్యాద నీదేనని ఆయన నన్ను పంపారు.

మిగతా జీవితం పెద్దగా చెప్పుకోవలసింది లేదు. పరిశోధనలో కట్టుదిట్టం చాలలేదని కమిటీ మర్యాదగా రాసింది. వేతనం ఆగింది. తర్వాత ఒక చిన్న కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి, జవాబు పత్రాలు దిద్ది, పదవీ విరమణ చేశాను. ఇంగ్లండులో నా పక్క బల్ల మీద పనిచేసినవాడి పేరు పాఠ్యపుస్తకంలో వచ్చింది. ఏటా ఆ పేరు బోర్డు మీద రాసి పిల్లలకు వివరించాను. ప్రిన్సిపాలుగారు తన వీడ్కోలు సభలో, నేను ఊళ్ళో లేని సమయంలో నా పైరును తానే కాపాడానని మనసారా చెప్పుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

భోజనాల దగ్గర మేనకోడలు ఫోను తీసి చూపించింది. నాలాగే తనూ ఎండబెడుతున్న కొర్ర మడిలో తడి ఎంతుందో అందులో కనిపిస్తుందట, పైన కెమెరా కూడా ఉందట. ఇవన్నీ మాకు లేవు. మాకున్నవి ఒక గునపం, మన్ను నలిపి చూసే వేళ్ళు. కాలం మారిందని నాకు సంతోషమే కలిగింది, ఆమె తరవాతి మాట అనేదాకా.

"వచ్చే వారం తనిఖీవాళ్ళొస్తాండారు మామా. ఫొటోల్లో అంతా పచ్చగా కనపడాలని మా సారు అంటాండాడు."

అప్పుడు చెప్పాను, నాకు తెలిసిన ఒకే ఒక్క సలహా. ఆ వచ్చేవాళ్ళను పిలుచుకురావడానికి ఎవరినైనా పంపు తల్లీ, నువ్వు మాత్రం మడి వదిలి పోవద్దు అని.

ఆనాడు నేను వదిలి పోయాను, పొమ్మన్నారు కనుక. మర్నాడు తెల్లవారకముందే కర్నూలులో కారెక్కి, మైదుకూరు దాటేదాకా ముగ్గురు పెద్దలకు నా ఎండిన మడి గురించే చెబుతూ వచ్చాను. కారు దిగీ దిగగానే నేరుగా చేనుకే తీసుకెళ్ళాను. గట్టు మీద ట్యాంకరు చక్రాల గుర్తులు ఇంకా తడిగా ఉన్నాయి. క్వార్టర్స్‌లో తాగడానికి నీళ్ళు లేని వేసవి అది.

రెండు సగాలూ ఒక్క తీరుగా తలలెత్తి నిలబడి ఉన్నాయి. కమిటీ పెద్దాయన ఒక అడుగు లోపలికి వేసి, బూటుకంటిన బురద చూసుకొని, "ఎండబెట్టింది ఏదయ్యా?" అని అడిగారు. నేను చేయి చాపి చూపించాను. ఆయన అటు చూశారు, ఇటు చూశారు, బూటును గట్టుకు రాసి బురద తుడుచుకున్నారు.

"శానా పచ్చగుండాది గదప్పా!" అన్నారు ప్రిన్సిపాలుగారు నా భుజం తట్టి. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

వారాలుగా ముడుచుకున్న ఆకులన్నీ విచ్చుకొని ఎండలో మెరుస్తున్నాయి. అంత అందమైన పైరు ఆ చేనులో అంతకుముందు నేను చూడలేదు. ఆ రోజు డైరీలో ఎప్పటిలాగే వాతావరణం ఒక్కటే రాసుకున్నాను: ఆకాశం నిర్మలం. వాన లేదు. నేల తడి.