గాడి పూడిన చెక్కలు

గద్వాలలో నాకు టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. నలుగురం కలిసి బొమ్మకార్ల క్లబ్బు పెట్టుకున్నాం. చెక్కలో గాడి, గాడికి అటూ ఇటూ రాగి పట్టీలు, వాటిలో కరెంటు. కారు అడుగున ఉన్న పిన్ను గాడిలో దిగితే, చేతిలో మీట నొక్కినకొద్దీ కారు ఉరుకుతుంది. అచ్చంపేట నుంచీ వనపర్తి నుంచీ బడులవాళ్లు తమ ఊరికి తెమ్మని అడగడంతో, బస్సు టాపు మీద వేసుకుపోయేలా ఎనిమిది ముక్కలుగా కొత్త ట్రాకు చేయాలనుకున్నాం.

చేయడమైతే చేశాం కానీ, ముక్కా ముక్కా కలిసే చోట కరెంటు తెగి కారు ఆగిపోయేది. నెల రోజులు నావల్ల కాలేదు. చివరికి మా క్లబ్బులోని, మగ్గం మీద చీరలు నేసే ఆయన కూర్చున్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అనేవాణ్ణి. రాగి రేకును గోటితో మడిచి, ఒక ముక్క పట్టీ మీద ఇంకో ముక్క పట్టీ ఎక్కేలా పెట్టాడు.

"పోగు అతికినట్టే తమ్మి. గుంజొద్దు, ఒత్తొద్దు" అన్నాడు.

కారు ఆగకుండా చుట్టు తిరిగొచ్చింది.

2009లో అలంపూర్ బడికి రమ్మన్నారు. ఆయన చెల్లెలిది ఆ ఊరే. ఆటకు రెండు రోజుల ముందే చెక్కలు తరగతి గదిలో దింపి నేను వెనక్కి వచ్చాను, ఆయన చెల్లెలింట్లో ఆగాడు. మర్నాడే తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది.

బస్సులు ఆగిపోయాయి. ఆయన ఫోను మోగలేదు. మూడు రోజులు దుకాణం తెరిచి కూర్చున్నాను, ఒక్క టీవీ విప్పలేదు. ఆయన భార్య పొద్దున, సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. "ఏమన్న తెలిసిందా?" అని కూడా అడిగేది కాదు, నా ముఖం చూసి వెళ్లిపోయేది.

నాలుగోరోజు ఎవరి ఫోను నుంచో మాట్లాడాడు. అందరూ బతికే ఉన్నారు. దారి తెరవగానే వెళ్లాను.

చెల్లెలి ఇంట్లో మోకాలెత్తు బురద. ఆమె బట్టలు కుట్టి బతికేది, మిషను బురదలో పడి ఉంది. ఆయన లేనప్పుడు ఆమే చెప్పింది.

"నీళ్లొస్తున్నయంటే అన్న మొదలు బడికే ఉరికిండు. మీ చెక్కలు బెంచీల మీదికి ఎక్కిచ్చిండంట. నేనొక్కదాన్నే పిల్లల్ని మిద్దె ఎక్కిచ్చిన. జర ముందుగాల వస్తే మిషన్ గూడ పైకి పెడుతుంటిమి."

గొంతులో కోపం లేదు. ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ చెక్కలు జాగ్రత్తన్నా అని దిగబెట్టి వచ్చినవాణ్ణి నేనే.

ఆయనా నేనూ బడికి వెళ్లి చూశాం. నీళ్లు బెంచీల మీదికీ వచ్చాయి. చెక్కలు ఉబ్బి గాడులు మూసుకుపోయాయి, పిన్ను దిగే సందు లేదు. ఆయన అతికిన రాగి మడతలు పచ్చబడి ఊడి వేలాడుతున్నాయి. వేలితో ఒకదాన్ని సరిచేయబోయి మానుకున్నాడు.

అంతలో హెడ్మాస్టరు వచ్చి, "సార్, బియ్యం బస్తాలొచ్చినయ్. కింద అంత తడి. ఈ చెక్కలు పరుచుకోవచ్చునా?" అని మొహమాటంగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన రెండు చెక్కలు భుజానికెత్తుకున్నాడు. మిగతావి నేను మోశాను.

కుట్టుమిషను గద్వాలకు తెచ్చాను. అదైనా బాగుచేయకపోతే ఆమె ముఖం చూడలేననిపించింది. కిరసనాయిలులో నానబెట్టాను, నూనె పోశాను, రెండు రోజులు చక్రం పట్టుకుని గుంజాను. లోపలి కడ్డీ తుప్పుకు బిగుసుకుపోయింది. రెండోరోజు ఆయన వచ్చి చాలాసేపు చూశాడు.

"ఇడిసిపెట్టు తమ్మి. పోయింది."

"అన్నా, ఆ చెక్కల కోసం నువ్వు..." అన్నాను.

"నాకు తెల్వదు తమ్మి, గప్పుడు కాళ్లు గటే పోయినయి" అన్నాడు.

ఆ తర్వాత క్లబ్బు కూడలేదు. ఎవరూ వద్దనుకోలేదు, ఎవరూ పిలవనూ లేదు. ఆయన చెల్లెలు ఏడాది పాటు కర్నూలులో ఎవరి దుకాణంలోనో కూలికి కుట్టింది. ఆయనా నేనూ బజార్లో ఎదురైతే ఆగి మాట్లాడుకునేవాళ్లం, పిల్లల చదువుల గురించి, వానల గురించి.