ఐదో నెలలో పన్ను నొప్పి

కడుపుతో ఉన్న ఆడదాని నోరు ఆమెది కాదనీ, అందులో ఏం పెట్టాలో, అందులోంచి ఏం తీయకూడదో వాడకట్టు మొత్తం కలిసి తీర్మానిస్తుందనీ నాకు ఇరవై నాలుగో ఏట తెలిసింది. అప్పట్లో మెదక్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. బోర్డు మీద గర్భాశయం బొమ్మ గీసి, తల్లి రక్తం వేరు, బిడ్డ రక్తం వేరు అని గొంతు చించుకునేదాన్ని. (ఆ జ్ఞానమంతా రోజూ కాలేజీ గేటు దగ్గరే వదిలేసి ఇంటికొచ్చేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.)

ఐదో నెలలో కింది దవడ పన్ను ఒకటి సలపడం మొదలుపెట్టింది. "పండ్ల డాక్టర్‌కు చూపిచ్చుకుంట అత్తమ్మా" అన్నానో లేదో, పక్కింటి నుంచి దవాఖాన పెద్దమ్మ ఊడిపడింది. ఆవిడ భర్త ఒకప్పుడు దవాఖానాలో చీటీలు రాసేవాడు. ఆ ఒక్క అర్హతతో ఆవిడ ఏళ్ల తరబడి మా వాడకట్టుకు వైద్యం చెబుతోంది.

"గిప్పుడు పన్ను ముట్టిచ్చుకుంటవా బిడ్డా? సూది మత్తు సక్కగ కడుపులకు దిగుతది, పుట్టెటోనికి మాట రాదు. పన్ను పీకిస్తివా, పోరడు పండ్లు లేకుంట పుడ్తడు!"

పళ్లతో పుట్టిన పసిగుడ్డు ఎక్కడుందో చూపించమని అడగాల్సింది. జువాలజీ లెక్చరర్‌ని, అడగలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, దవడన లవంగం పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఇంజనీరు. "పెద్దోళ్లు చెప్తున్నరు గద, నాలుగు నెలలు ఓర్చుకోరాదు" అంటూ వాట్సాప్‌లో వచ్చిన ఏదో మెసేజ్ చూపించాడు. (గోరుచుట్టు లేస్తే రెండు రోజులు సెలవు పెట్టిన మనిషి.)

పెద్దమ్మ వైద్యం సాగింది. పచ్చి వెల్లుల్లి నూరి పెడితే పంటి చిగురు కాలి బొబ్బ లేచింది. బుగ్గ ఉబ్బింది. ఐదు రోజులు గంజి తప్ప ఏదీ గొంతు దిగలేదు. జ్వరం వచ్చాక అత్తమ్మ మొహంలో రంగు మారింది. నెలనెలా చూసే కాన్పుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ డాక్టరమ్మ నా పొట్ట కంటే ముందు నా బుగ్గ చూసింది.

"నువ్వు లెక్చరర్‌వు గద, ఏం సబ్జెక్టు?"

చెప్పాను. సూదికి భయపడి పన్ను చూపించుకోలేదనీ చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"పంట్ల చీము, ఒంట్ల జ్వరం, కడుపుల తిండి లేదు. బిడ్డకు దీంతోని నష్టమా, సూదితోనా? ఇప్పుడే పో" అని చీటీ రాసిచ్చింది.

పండ్ల డాక్టరు ఒక ముస్లిం అమ్మాయి, నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దదేమో. కాపలాకు పెద్దమ్మ ఆటోలో మాతో వచ్చి గదిలోకీ దూరింది. ఎక్స్‌రే మాట వినగానే లేచి నిలబడింది.

"ఫోటో తీస్తే పోరడు నల్లగ పుడ్తడు!"

"ఫోటో పన్నుకు తీస్తున్న అమ్మా, కడుపుకు కాదు. కడుపు మీద సీసం ఆప్రాన్ గూడ కప్పుతం. సూది మత్తు పన్ను కాడనే ఉంటది. ఐదో నెల గీ పనికి మంచి టైం. మీరు జర కూసోండ్రి" అని డాక్టరు సూది తీసింది.

సూది వేసిన కాసేపటికి లోపల బిడ్డ గట్టిగా కదిలింది. నేను ఉలిక్కిపడ్డాను.

"చూసినవా, పోరనికి మత్తెక్కింది!" అంది పెద్దమ్మ.

"మత్తెక్కితే తన్నుతడా అమ్మా, పండుకుంటడు గాని!" అని డాక్టరు నవ్వింది.

డాక్టరు పన్ను తెరిచి చీము తీసి, మందు పెట్టింది. అరగంట పట్టలేదు. నా కళ్ల వెంట నీళ్లు కారుతుంటే చెయ్యి ఆపి, "నొస్తుందా?" అని అడిగింది.

"లేదు మేడమ్, సిగ్గయితుంది" అన్నాను.

నేను కుర్చీ దిగగానే పెద్దమ్మ అటూ ఇటూ చూసి, అందులో ఎక్కి నోరు తెరిచింది. "జర నాది గూడ చూడు బిడ్డా. రెండేండ్ల సంది ఒకటే పోటు, భయానికి ఎవ్వలకు చెప్పలే."

బయటికొచ్చాక అత్తమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. నాకు సగం మొహమే నవ్వింది, మిగతా సగం మొద్దుబారి అలాగే ఉండిపోయింది. పొట్ట పట్టుకుని, వంకరమూతితో రోడ్డు మీద నవ్వుతున్న ఆ వెర్రి పిల్ల గుర్తొస్తే, రెండు చీవాట్లు పెట్టాలనిపిస్తుంది. ఆ తర్వాత ఎందుకో, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలనిపిస్తుంది.