ఊపిరిబాయి నాడె

రాజులు కోటలు కట్టించిన తేదీలన్నీ చరిత్రలో ఉన్నాయి గానీ, మర్రిగూడ దాపున ఒక పల్లెలో నేతగాడు గండయ్య ఆకువక్క వేసుకుని వేలికి మిగిలిన సున్నాన్ని ఎక్కడ తుడిచేవాడో ఏ చరిత్రలోనూ లేదు. ఇది క్షమించదగిన లోపం కాదు. ఆ అలవాటుకు ముప్పై ఏళ్ల వయసుంది, నియమముంది, స్థలనిర్ణయముంది. కుడిచేతి చూపుడువేలు, మగ్గం గుంతకు ఎడమవైపు గుంజ. ఆ గుంజ మీద పేరుకున్న పొరల్లో నిజాం ఏలుబడి ఎక్కడ ముగిసిందో వేలు పెట్టి చూపించవచ్చు.

ఆ సున్నం కూడా మామూలుది కాదు. నోరు పొక్కకుండా ఆయన భార్య లీలమ్మ అందులో విరిగిన మేకపాల గడ్డ వేసి నూరేది. మగ్గం మీది దూది నూగు గండయ్య వేళ్ల వెంట తనంతట తానే వచ్చి కలిసేది.

ఊరి చివర నీళ్లు లేని బావి ఒకటుంది. పందొమ్మిది వందల యాభై నాలుగులో గండయ్య అక్క నాగులమ్మ అందులో పడ్డ కడవ కోసం దిగింది. అడుగుకు చేరి, అలసిపోయినట్టు కూర్చుంది. మళ్లీ లేవలేదు. పైకి తీస్తే ఒంటి మీద గీత కూడా లేదు. అప్పటినుంచి దాన్ని ఊపిరిబాయి అంటున్నారు. అందులో కప్ప అరవదు, పిచ్చుక గూడు కట్టదు. నాగులమ్మకు ఆకువక్క ఇష్టం. అందుకని ఏటా ఆమె పోయిన రోజున గండయ్య ఒక ఆకు చుట్టి బావిలో వేసి, వెనక్కి చూడకుండా వచ్చేవాడు.

పందొమ్మిది వందల అరవై ఒకటిలో ఆకుతోపాటు ఇత్తడి సున్నపుకాయ కూడా చేజారి పడింది.

ఇరవై రోజులకు గొర్రెల గుర్వయ్య బొక్కెనలు తీసే ఇనుప గాలం వేసి దాన్ని పైకి తీశాడు. లోపలి సున్నం కొమ్ములా గట్టిపడింది. కత్తి దిగలేదు. రాయితో కొడితే పగల్లేదు, ఖంగుమంది. ఇంట్లో అదే సున్నం ఎండితే పిండయ్యేది.

గండయ్య దాన్ని బడిపంతులు లక్ష్మీనర్సయ్య దగ్గరికి తీసుకుపోయాడు. పంతులు తేటగా ఉన్న సున్నపునీళ్లలో బొప్పాయి గొట్టం పెట్టి ఊదాడు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

"చూసినవా? ఇది బొగ్గుపులుసు గాలి. ఆకులలములు కుళ్లితే పుడ్తది. బరువుంటది గనక బాయి అడుగున కూసుంటది. సున్నం దాన్ని తాగి రాయైతది."

"మరి నువ్వు ఊదినదేంది సారూ?"

"అదే. మన ఊపిరిల కూడ గదే ఉంటది."

శాస్త్రం భయాన్ని పోగొడుతుందని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. ఆ రోజు అది గండయ్య భయానికి దస్తఖత్తు చేసి, మొహరు వేసి ఇచ్చింది.

అయినా ఆయనకు ఆ గాలితో పని పడింది. ఆ నేలలోని ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఆయన వేళ్లు వంగడం మానేశాయి. ఎండాకాలంలో పేకదారం మోసే చెక్క నాడె పగులుతుంది; పడుగులో అటూ ఇటూ పరుగెత్తేటప్పుడు దాని పేడు తగిలి దారాలు తెగుతాయి. తెగినవాటిని ముడివేసే వేళ్లు ఇక లేవు. పగలని నాడె దొరక్కపోతే ఈ ఏడు మగ్గం దిగాక మళ్లీ కూర్చోవడం ఉండదని ఆయనకు తెలుసు.

సున్నం, పాలగడ్డ, దూది కలిపి పిసికి నాడె చేశాడు. గంపలో పెట్టి బావిలోకి దించాడు. నలభై రోజులు ఆగాడు. తీరా పైకి లాగుతుంటే తాడు తెగింది. గాలం మూడుసార్లు ఖాళీగా వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. గండయ్య నడుముకు కొత్త తాడు కట్టుకున్నాడు. గుర్వయ్య ముందుగా కిరసనాయిలు బుడ్డి వెలిగించి దించాడు. గాలి లేదు, మంట వణకలేదు. రెండు నిలువుల లోతున ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది. దాని పొగ పైకి రాలేదు. నీళ్లు లేని బావిలో, నీళ్ల మీద తేలినట్టు పలచగా పరచుకుంది. తర్వాత మెల్లగా కొంచెం లేచింది. మెల్లగా కొంచెం దిగింది. మళ్లీ లేచింది.

"దీపం దిగని జాగల మనిషేం దిగుతడే, గండన్నా?" గుర్వయ్య ఆరిన బుడ్డిని పైకి లాగాడు.

"చేతులు పోయినంక ఊపిరి దాసుకొని ఏం జేస్తరా?" అంటూ గండయ్య ఒక కాలు బావి గోడకు అవతల వేశాడు.

లీలమ్మ వచ్చి ఆ తాడు రెండో కొసను తన నడుముకు చుట్టుకుంది. "దిగు. మీ అక్క ఒక్కతే ఉన్నది, ఇద్దరం పోయి ముచ్చట బెడుదాం. ఆకువక్క గూడ తెచ్చిన."

"నీకేమన్న పిచ్చా?"

"నాకా? నాడె కోసం పీనుగైతా అంటున్నది నేనా?"

ఆయన కాలు అవతలే ఉంది. అరికాలికి చల్లగా తగిలింది. మే నెల ఎండలో ఆ చల్లదనం పాదం నుంచి పిక్కకు పాకింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

గుర్వయ్య నాలుగోసారి గాలం వేశాడు. ఈసారి గాలం వెతుక్కోలేదు. తాడు కొంచెంసేపు వదులుగా ఉండి, అడుగున ఎవరో అందించినట్టు ఒక్కసారి బిగిసింది. గంప వచ్చింది. అందులో నాడె బూడిదరంగుగా, నున్నగా, ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంది.

ఊరు గండయ్య గడప ముందు గుమిగూడింది. లోపలికి ఒక్కరూ అడుగు పెట్టలేదు. అది నాగులమ్మ ఊపిరి అనీ, మొదటి విసురుకు మగ్గం మీద నెత్తురు పడుతుందనీ బక్కమ్మ ముసల్ది చెప్పి, అందరికన్నా ముందు నిలబడింది. పిల్లల నోళ్లు తల్లులు మూశారు. గండయ్య గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. నాడెలో దారపు కండె ఎక్కించాడు. కళ్లు మూసుకుని విసిరాడు.

నెత్తురు పడలేదు; పదకొండు పోగులు తెగాయి. రాయైన నాడె పడుగుకు బరువెక్కువైంది.